టికెట్టు మీద పేరు, కార్డు మీద పేరు

2025 నవంబరులో ఒక తెల్లవారుజామున, ఒక విమానాశ్రయం గేటు దగ్గర మా ప్రయాణం ఆగిపోయింది. సరిగ్గా చెప్పాలంటే నాది ఆగలేదు. నాతో వచ్చిన ఆమెది ఆగింది.

చేపలమ్మే ఆడవాళ్ళ సమస్యల మీద ఢిల్లీలో రెండు రోజుల సమావేశం. అందులో మాట్లాడటానికి మన తీరం నుంచి ఒకరిని పంపాలని సంఘం నిర్ణయించింది. మైపాడుకీ కృష్ణపట్నానికీ మధ్య వున్న ఒక పట్టపుపాలెంలో వుంటుందామె. నాకన్నా పదేళ్ళు పెద్దది, అక్కా అని పిలుస్తాను. ముప్పయ్యేళ్ళుగా ఒడ్డున వేలం పాడి చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. ఐసు ధర ఎట్లా పెరిగింది, చేపల గంపని బస్సులో ఎక్కనివ్వకపోతే ఆటోకి ఎంత పోతుంది, మార్కెట్లో కూర్చునే చోటుకి ఎవరెవరు డబ్బులు గుంజుతారు, యివన్నీ ఆమె చెప్పినట్టు నేను చెప్పలేను. రైల్లో చోటు దొరకలేదు. నిర్వాహకులు యిద్దరికీ విమానం టికెట్లు పంపారు. నెల్లూరులో విమానాశ్రయం లేదు. దగదర్తిలో కడతామన్న మాట ఏళ్ళ తరబడి వింటూనే వున్నాం. తిరుపతికో చెన్నైకో పోయి ఎక్కవలసిందే. రాత్రంతా ప్రయాణం చేసి గేటు దగ్గరికి చేరుకున్నాం.

భద్రతా ఉద్యోగి టికెట్టు చూశాడు, ఆధార్ కార్డు చూశాడు, ఆమె ముఖం చూశాడు. ముఖం సరిపోయింది. పేరు సరిపోలేదు. టికెట్టు మీద ఆమె భర్త ఇంటిపేరు వుంది. కార్డు మీద పుట్టింటి ఇంటిపేరు వుంది. భర్త పోయాక అన్నగారింట్లో వున్న రోజుల్లో తీయించుకున్న కార్డు అది. సంచీలో ఓటరు కార్డు కూడా వుంది. దాని మీద భర్త ఇంటిపేరే వుంది గానీ అసలు పేరులో ఒక అక్షరం ఎగిరిపోయి వేరే పేరైపోయింది. ఇంకేమైనా వుందా అన్నాడాయన. రేషన్ కార్డు తీసింది. అది పనికిరాదన్నాడు. విమాన సంస్థ కౌంటరు దగ్గరికి పొమ్మన్నాడు. ఇది అక్షర దోషం కాదు, వేరే మనిషి పేరు, మార్చటం కుదరదు, కొత్త టికెట్టు కొనుక్కోండి అన్నారక్కడ. అప్పటికప్పుడు కొనాలంటే అయ్యే ధర మా యిద్దరి దగ్గరా లేదు.

ఆ ఉద్యోగుల మీద ఫిర్యాదు చెయ్యటానికి యిది రాయటం లేదు. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. నిబంధన ఎట్లా వుందో అట్లా నడుచుకున్నారు. అందుకే నిబంధన గురించే మాట్లాడాలి.

నేను ఢిల్లీ వెళ్ళాను. ఆమె చెప్పవలసింది కాగితం మీద రాసుకుని నేను చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు. చదువుకున్న ఆడది, చదువులేని ఆడదాని తరఫున మాట్లాడటం గురించి యిరవయ్యేళ్ళుగా విమర్శ రాస్తున్న నేను, సరిగ్గా ఆ పనే చేసి వచ్చాను.

మర్నాడు ఆమె ఫోను చేసింది. "బస్సులో అదే కార్డు చూపించానమ్మా. కండక్టరు ఒక్క మాట అనకుండా సున్నా టికెట్టు కొట్టిచ్చినాడు. బస్సులో వుండే మర్యాద దానికి ఆడ యెందుకు లేకపోయిందో నువ్వు చదువుకున్నదానివి, చెప్పు" అంది. ఈ వ్యాసం ఆమె ప్రశ్నకి జవాబు వెతకటమే.

2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన స్త్రీశక్తి పథకంలో కండక్టరు తెలుసుకోవలసినవి రెండే: ఎక్కినది ఆడమనిషేనా, ఈ రాష్ట్రంలో వుండే మనిషేనా. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, వీటిలో ఏదైనా చాలు. సున్నా టికెట్టు మీద పేరుండదు కాబట్టి రెండు పేర్లు పోల్చే పని లేదు. విమానం దగ్గర మనిషిని కార్డుతో పోల్చి వదిలిపెట్టరు. కార్డుని టికెట్టుతో పోలుస్తారు. ఆడవాళ్ళకి చిక్కు వచ్చేది అక్కడే. మగవాడికి పుట్టినప్పుడు పెట్టిన పేరు, ఇంటిపేరు చనిపోయేదాకా ఒకటే. ఆడదాని పేరు ఏ కాగితం మీద ఎట్లా వుంటుందన్నది, ఆ కాగితం రాసిన రోజున ఆమె ఎవరి ఇంట్లో వుందన్న దాన్ని బట్టి వుంటుంది. బడి సర్టిఫికెట్టులో తండ్రి ఇంటిపేరు, ఓటరు కార్డులో భర్త ఇంటిపేరు, విడిపోయాక తీసుకున్న దాంట్లో మళ్ళీ తండ్రిది. పెళ్ళయితే ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. ఆచారం మారుస్తుంది. మార్చినందుకు శిక్ష మాత్రం గేటు దగ్గర ఆమెకే పడుతుంది.

ఇప్పుడు నిబంధన ఏమంటుందో చూద్దాం. పౌర విమానయాన భద్రతను చూసే కేంద్ర సంస్థ, బి.సి.ఏ.ఎస్., 2017 అక్టోబరులో పది రకాల ఫోటో గుర్తింపు పత్రాలతో ఒక జాబితా ప్రకటించింది. పాస్‌పోర్టు, ఓటరు కార్డు, ఆధార్ లేదా ఫోన్లో ఎమ్-ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఉద్యోగ గుర్తింపు కార్డు, విద్యార్థి కార్డు, ఫోటో వున్న జాతీయ బ్యాంకు పాసుపుస్తకం, ఫోటో వున్న పింఛను పత్రం, వికలాంగుల కార్డు లేదా వైద్య ధృవపత్రం. తల్లిదండ్రులతో వెళ్ళే పిల్లలకి వేరే కార్డు అక్కర్లేదు. పదింటిలో ఏదీ లేనివాళ్ళు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల గ్రూప్ ఏ గెజిటెడ్ అధికారి తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ధృవపత్రం చూపించవచ్చు.

పైకి చూస్తే ఉదారమైన జాబితాయే. ఆధార్ ఒక్కటే కావాలని పట్టుబట్టలేదు, అది మంచిదే. కానీ ఈ జాబితాని మన పాలెంలో కూర్చుని ఒక్కొక్కటిగా చదవండి. పాస్‌పోర్టు ఎవరికుంటుంది? గల్ఫ్ వెళ్ళివచ్చిన వాళ్ళకి. డ్రైవింగ్ లైసెన్సు? మగవాళ్ళకి, బండి నేర్చుకున్న యీ తరం ఆడపిల్లలు కొందరికి. ఉద్యోగ గుర్తింపు కార్డు? చేపలమ్మే మనిషికి యజమాని ఎవరు? రొయ్యల షెడ్డులో కూలికి తల వొలిచే పిల్లకి కార్డు ఎవరిస్తారు? పాన్ కార్డుతో ఆమెకి పని పడదు. మిగిలేవి ఆధార్, ఓటరు కార్డు, బ్యాంకు పాసుపుస్తకం. ఈ మూడింటి మీదా ఆమె పేరు మూడు రకాలుగా వుంటుంది.

ఆ పదింటిలో లేనిది ఒకటుంది. రేషన్ కార్డు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం పద్ధెనిమిదేళ్ళు దాటిన ఆడవాళ్ళలో అందరికన్నా పెద్దామెని కుటుంబ యజమానిగా రేషన్ కార్డు కోసం గుర్తించాలంది. ఈ దేశంలో చట్టమే ఆడదాన్ని యింటికి పెద్ద అని ఒప్పుకున్న కాగితం బహుశా యిదొక్కటే. బస్సులో పనికొచ్చే ఆ కాగితం విమానం గేటు దగ్గర పనికిరాలేదు. కావాలని తీసేశారని నేననను. జాబితా రాసేటప్పుడు ఎవరి జేబు గుర్తుకొచ్చిందో, ఎవరి సంచీ గుర్తుకు రాలేదో మాత్రం తెలుస్తోంది. ఇక గ్రూప్ ఏ అధికారి సంగతి. ఆయన్ని కలవటానికి ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో, లోపలికి పోవటానికే ఏ కార్డు చూపించాలో మనందరికీ అనుభవమే.

భద్రత మాటేమిటని అడగవచ్చు. తప్పక అడగాలి. విమానంలో ఎక్కే ఆడవాళ్ళ ప్రాణాలూ ప్రాణాలే. 1999 డిసెంబరు 24న ఖాట్మండూ నుంచి ఢిల్లీకి బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐ.సి. 814ని హైజాక్ చేసినవాళ్ళలో మారుపేర్లతో ఎక్కినవాళ్ళున్నారు. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో విమానాల్ని కూల్చినవాళ్ళలో దాదాపు అందరి దగ్గరా అక్కడి గుర్తింపు పత్రాలు వున్నాయని అక్కడి విచారణ సంఘమే తేల్చింది. చెడ్డపని చెయ్యాలనుకుని వచ్చేవాడు కాగితాలు సరిచూసుకునే వస్తాడు. కాగితాలు సరిగా లేనిది చేపలగంప ఆమెకి. విమానాన్ని కాపాడేది ఒంటి సోదా, సంచీ సోదా. అవి అందరికీ ఒకటే, అక్క కూడా వాటికి సిద్ధంగానే వచ్చింది. టికెట్టు మీద పేరు, కార్డు మీద పేరు అక్షరం తప్పకుండా సరిపోవటం వల్ల నిక్కచ్చిగా లాభపడేది విమాన సంస్థ. ఒకరు కొన్న టికెట్టు మరొకరికి యివ్వటానికి వీలుండదు. రెండోసారి కొనాల్సిందే. భద్రత పేరు మీద వ్యాపారం కూడా నడుస్తోందని చెప్పుకోవటంలో తప్పు లేదు.

రైల్లో చూడండి. ఒకే టికెట్టు మీద నలుగురు పోతుంటే ఒకరి కార్డు చాలు. ఖాయమైన టికెట్టుని ఒక రోజు ముందు అర్జీ పెట్టుకుని ఇంట్లో వాళ్ళ పేరుకి మార్చుకోవచ్చు. విమానంలో పేరు దిద్దుబాటుకి వున్న సదుపాయం, సంస్థ సొంత వెబ్‌సైటులో కొన్న టికెట్టుకి యిరవై నాలుగు గంటల్లోపల చెబితే రుసుము లేకుండా దిద్దటం. ఏజెంటు కొన్న టికెట్టుకి, నెల తర్వాత గేటు దగ్గర బయటపడిన తేడాకి అది అక్కరకు రాలేదు.

వేరే దేశాల సంగతి చూస్తే, ఆస్ట్రేలియాలో దేశం లోపలి విమానాలకి ప్రతివాళ్ళూ ప్రభుత్వ గుర్తింపు కార్డు చూపించి తీరాలనే చట్టమేదీ లేదు. అమెరికాలో 2005లో చేసిన రియల్ ఐ.డి. చట్టం విమాన ప్రయాణీకులకి 2025 మే 7 నుంచి అమల్లోకి వచ్చింది. పెళ్ళితో ఇంటిపేరు మారిన ఆడవాళ్ళు ఆ కార్డు తీసుకోవాలంటే పెళ్ళి సర్టిఫికెట్టుతో సహా పేరు మారిన ప్రతి మజిలీకీ రుజువు చూపించాలి. అక్కడున్న మన తెలుగు ఆడవాళ్ళకీ యిది కొత్త తలనొప్పి. అయితే అక్కడ కార్డు లేని మనిషిని తిప్పి పంపెయ్యటం ఒక్కటే దారి కాదు. వేరే ప్రశ్నలతో గుర్తుపట్టి, ఎక్కువ సోదా చేసి పంపే పద్ధతి ఒకటుంది. 2026 ఫిబ్రవరి 1 నుంచి దానికి 45 డాలర్లు వసూలు చెయ్యటం అన్యాయమే గానీ, దారి అంటూ వుంది. 2006లో గిల్‌మోర్ అనే ఆయన వేసిన కేసులో అక్కడి అప్పీలు కోర్టు గుర్తింపు నిబంధనని సమర్థించింది. కార్డు చూపించనివాళ్ళు ఎక్కువ సోదాకి ఒప్పుకుని ఎక్కే వీలుందన్నది ఆ తీర్పుకి ఒక ముఖ్యమైన ఆధారం. మన దగ్గర లోపించింది సరిగ్గా ఆ రెండో దారి.

కదలాలంటే కాగితం చూపించాలన్న మాట మన జిల్లాకి కొత్తది కాదు. నేర తెగల చట్టం కింద యెరుకల కుటుంబాల్ని కావలిలో, కప్పరాళ్ళతిప్పలో సెటిల్మెంట్లు పెట్టి వుంచారు. హాజరు వేసుకోవాలి. బయటికి పోవాలంటే పాసు తీసుకోవాలి. ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఆ కంచెలోపలే. ఆ చట్టం 1952లో రద్దయింది. ఈనాటి విమానాశ్రయం గేటుని ఆ సెటిల్మెంటు గేటుతో సమానం చెయ్యటం నా ఉద్దేశం కాదు. అది ఒక తెగని అనుమానించింది, యిది అందర్నీ ఒకే వరసలో నిలబెడుతుంది. కానీ అందర్నీ ఒకే వరసలో నిలబెట్టి, కొందరి దగ్గర మాత్రమే వుండే వస్తువు అడిగితే ఆ వరస సమానమైనదెట్లా అవుతుంది? రాజ్యాంగం 19వ అధికరణం దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు పౌరులందరికీ యిచ్చింది. సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చంది. ఒక ఆడమనిషి పేరుని ఆచారం మార్చేస్తుందని తెలిసి కూడా, ఆ మార్పుకి వెసులుబాటు లేని ఆంక్ష సహేతుకం ఎట్లా అవుతుంది? బస్సు లేదా, రైలు లేదా అని అడిగేవాళ్ళుంటారు. పాలెం ఆడవాళ్ళకి బస్సు చాలునని నిర్ణయించటానికి మనమెవరం?

ఈ విషయంలో అక్కకన్నా వెనక వున్నవాళ్ళని మరిచిపోకూడదు. అక్క దగ్గర మూడు కార్డులున్నాయి, అవి ఒకదానితో ఒకటి పొసగలేదు. రొయ్యల గుంటల గట్ల మీద కాపలా కాస్తూ బతికే యానాది కుటుంబాల్లో ఒక్క కార్డూ లేని ఆడవాళ్ళున్నారు. పుట్టిన తేదీ కాగితం లేదు కాబట్టి ఆధార్ లేదు. ఆధార్ లేదు కాబట్టి మిగతావి లేవు. వాళ్ళు విమానం గేటు దాకా రారు. ఉచిత బస్సు మెట్టు దగ్గరే ఆగిపోతారు, లేకపోతే డబ్బులు పెట్టి టికెట్టు కొంటారు. అందరికన్నా పేదది బస్సుకి డబ్బులిచ్చి ఎక్కటం ఎంత తలకిందుల వ్యవహారమో ఆలోచించండి.

కాగితం వున్నా అది ఎవరి చేతిలో వుందన్నది మరో ప్రశ్న. దెబ్బలు తిని రాత్రికి రాత్రి బయటపడిన ఆడమనిషి కట్టుబట్టలతో వస్తుంది. కార్డులన్నీ భర్త పెట్టెలో వుంటాయి. పని యిప్పిస్తానన్న ఏజెంటు మొదట తీసుకునేది కార్డులే. గృహహింస నిరోధక చట్టం వచ్చింది 2005లో. ఇన్నేళ్ళుగా మనం మేజిస్ట్రేటుకి పెట్టే అర్జీల్లో నగలు, పాత్రలు, పిల్లల సామాను రాస్తున్నాం. కార్డులు, సర్టిఫికెట్లు తిరిగి యిప్పించమని ఎన్ని అర్జీల్లో రాశాం?

మంచి మార్పులు రాలేదని కాదు. పోరాడితే వచ్చాయి. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తల్లి కూడా బిడ్డకి సహజ సంరక్షకురాలేనంది. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు సడలించి తల్లి, తండ్రి యిద్దరిలో ఒకరి పేరు చాలన్నారు, పెళ్ళి సర్టిఫికెట్టు అక్కర్లేదన్నారు, విడిపోయినామె భర్త పేరు రాయనక్కర్లేదన్నారు. 2018 డిసెంబరు నుంచి ఒంటరి తల్లి బిడ్డకి పాన్ కార్డులో తండ్రి పేరు తప్పనిసరి కాదు. అంటే ఒక్కో కాగితం దగ్గర ఒక్కో తలుపు తెరుచుకుంది. కాగితానికీ కాగితానికీ మధ్య వున్న సందులో ఆడవాళ్ళు ఇంకా పడిపోతూనే వున్నారు.

దీనికి పరిష్కారంగా యిప్పుడు ముఖాన్నే కార్డు చేస్తున్నారు. డిజియాత్ర 2022 డిసెంబరులో ఢిల్లీ, బెంగుళూరు, వారణాసిలలో మొదలై 2023లో హైదరాబాదు, విజయవాడలకీ వచ్చింది. ఫోన్లో ఆధార్‌తో జతచేసుకుంటే కెమెరా ముఖం గుర్తుపట్టి పంపిస్తుంది. నడిపేది ప్రభుత్వ శాఖ కాదు, విమానాశ్రయాలు వాటాదారులుగా వున్న ఒక ఫౌండేషను. ఇష్టమైతేనే చేరవచ్చంటున్నారు. కానీ అది ముఖాన్ని ఆధార్‌తో కలుపుతుంది, ఆధార్‌ని టికెట్టుతో కలుపుతుంది. పేరు తేడా వున్న చోట మనిషితో వాదించవచ్చు, కెమెరాతో వాదించలేం. ఐసులో, ఉప్పులో, రొయ్య పొట్టులో వేళ్ళు అరిగిపోయి వేలిముద్ర పడక రేషన్ దుకాణం నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళని చూసినవాళ్ళం మనం. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో యీ జిల్లా ఆడవాళ్ళు వేలిముద్ర మానుకుని సంతకం నేర్చుకున్నారు. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో వాళ్ళ పేర్లు వాళ్ళే అర్జీల మీద రాశారు. 1993 ఏప్రిల్లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. రాసుకున్న పేరు నుంచి మళ్ళీ వేలికీ, ముఖానికీ తీసుకుపోవటం ముందుకు పోవటమేనా అని అడిగే హక్కు ఆ ఆడవాళ్ళకుంది.

మనం ఏం కోరాలి? జాబితాలో రేషన్ కార్డు చేర్చాలి. ఫోటో సరిపోయి, రెండు కాగితాలు కలిపి చూస్తే ఒకే మనిషని తేలినప్పుడు ఇంటిపేరు తేడాకి, అక్షరం తేడాకి ఆపకూడదు. కౌంటరు దగ్గరే డబ్బు తీసుకోకుండా దిద్దాలి. ఏ కాగితమూ లేని మనిషి స్వయంగా రాసిచ్చి, ఎక్కువ సోదాకి ఒప్పుకుంటే పంపే దారి వుండాలి. గ్రూప్ ఏ అధికారితో పాటు పంచాయితీ కార్యదర్శి, బడి హెడ్మాస్టరు యిచ్చిన ధృవపత్రమూ చెల్లాలి. డిజియాత్రలో చేరని వాళ్ళకి వేరే వరస ఎప్పటికీ వుండాలి. బి.సి.ఏ.ఎస్.కీ, పౌర విమానయాన శాఖకీ, మహిళా కమిషన్లకీ మన సంస్థలన్నీ కలిసి రాయాలి. పాలెం ఆడవాళ్ళు విమానం ఎక్కేది ఎప్పుడో ఒకసారి గదా అనుకోవద్దు. ఆ ఒక్కసారీ వాళ్ళ మాట ఢిల్లీలో వినిపించవలసిన సారి.

చివరిగా చెప్పవలసింది మన గురించి. టికెట్టు మీద ఆ పేరు ఎట్లా వచ్చిందని ఢిల్లీ నుంచి తిరిగొచ్చాక ఆరా తీశాను. నిర్వాహకులు మా ఆఫీసుకి ఫోను చేసి పేరు అడిగారు. ఆఫీసులో కుర్రవాడు నన్ను అడిగాడు. నేను చెప్పాను. ఆమె ఫలానా ఆయన భార్యగా పదేళ్ళుగా తెలుసు కాబట్టి ఆ ఇంటిపేరే చెప్పాను. ఈ మొత్తం వ్యవహారంలో నీ పేరు ఎట్లా రాయాలక్కా అని ఆమెను అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అడగకుండా రాసినదాన్ని నేను.

డిసెంబరులో పాలెంలో సంఘం సమావేశం పెట్టి అందరినీ కార్డులు తెమ్మన్నాం. నేల మీద పరుచుకుని చూసుకుంటే, అన్ని కార్డుల్లోనూ ఒకే పేరున్న వాళ్ళు ఒకరిద్దరే. కొంతసేపు నవ్వుకున్నారు. తర్వాత ఎవరి పేరు ఎట్లా వుండాలో ఒక్కొక్కరినే అడిగి పుస్తకంలో రాశాం. కొందరు భర్త ఇంటిపేరు వుండనీ అన్నారు, అదీ వాళ్ళ యిష్టమే. అక్క వంతు వచ్చినప్పుడు కాసేపు ఆలోచించి, "ఆ ఇల్లూ వద్దు, ఈ ఇల్లూ వద్దు. వుత్త నా పేరే రాయండి" అంది. అట్లాగే రాశాం. ఆ ఒక్క పేరుని మూడు కార్డుల మీదకి ఎక్కించటానికి ఆమె, నేను ఇప్పుడు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాం. దరఖాస్తు ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వుందని ఇప్పటికి రెండుసార్లు తిప్పి పంపారు.